చెరిపేసిన రికార్డు మీది పేరు

పొద్దుట్నుంచీ సుమేధ ఒకే మాటతో తంటాలు పడుతోంది. ఆర్డరు తెరిస్తే చాలు, "ఈ రికార్డు తొలగించబడింది" అంటోంది మా కంపెనీ సాఫ్ట్‌వేరు. అదేమన్నా అల్లాటప్పా ఆర్డరా అంటే కాదు. మన్యంలో ఓ చిన్న ఆసుపత్రికి వెళ్లాల్సిన పాముకాటు ఇంజక్షన్లు. వారంరోజులుగా ముసురు, అక్కడ నిల్వ అయిపోయింది. మాదేమో మందుల పంపిణీ కంపెనీ, కంప్యూటర్లో బిల్లు రానిదే గోడౌన్లోంచి సూది కూడా కదలదు.

పిల్ల చురుకైనదే, కాదనను. చేరిన ఏడాదికే సాఫ్ట్‌వేరంతా ఔపోసన పట్టింది. పోయింది ఆ మందు రికార్డేనని కనిపెట్టి, అదే పేరుతో మళ్లీ కొత్తగా ఎక్కించింది. అయినా ఆర్డరు మొండికేసింది. దానికి పేరుతో పనిలేదు, మందుకు మొదట్లో ఇచ్చిన నంబరే కావాలి. దాంతో సుమేధకు పంతం వచ్చింది. అసలు చెరిపిందెవరో తేలుస్తానంటూ పాత నమోదులన్నీ తవ్వడం మొదలుపెట్టింది.

ఆమెకు పని నేర్పింది ఖుద్దూస్ గారు. ఆయన వచ్చి సంగతి విన్నారు, తెర వంక చూడనైనా లేదు. తెల్లకాగితం మీద చీటీ రాసి, కింద సంతకం పెట్టి గోడౌనుకు పంపారు. పావుగంటలో ఐసు పెట్టె వ్యానెక్కింది. బిల్లు లేకుండా సరుకు పంపితే మాటొస్తుందని మేనేజరు జనార్దన్ గొణిగాడు. ఆ వచ్చే మాటేదో తనకే రానివ్వమన్నారు ఖుద్దూస్ గారు. అలాంటి మనిషి ఆయన.

అంతలో సుమేధకు పేరు దొరికింది. సోమవారం పదకొండున్నరకు చెరిపింది ఖుద్దూస్ అని ఉంది. నిజం చెప్పొద్దూ, ఆ పిల్ల మొహంలో గెలుపు చూసి నాకు ఒళ్లు మండింది. మేనేజరు ముందే పైకి చదివి వినిపించింది మరి.

ఖుద్దూస్ గారు ఆ తేదీ, టైమూ రెండుసార్లు చూసుకున్నారు.

"పేరు నాదే. తప్పూ నాదే" అన్నారు.

హెడ్డాఫీసుకు రాయక తప్పదంటూ మేనేజరు తన గదిలోకి వెళ్లాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఖుద్దూస్ గారి మీద అదే మొదటి ఫిర్యాదు.

సుమేధ మాత్రం ఆ టైము దగ్గరే ఆగిపోయింది. సోమవారం పదకొండున్నరకు ఖుద్దూస్ గారు పంటి డాక్టరు దగ్గరున్నారు. వెళ్తూ వెళ్తూ తన సీటు ఆమెకు అప్పగించారు. వాడకంలో లేవనుకున్న పాత రికార్డులు శుభ్రం చేద్దామని ఓ ముప్పై దాకా ఆమే చెరిపేసింది. వాటిలో ఇదీ పోయిందన్నమాట. కంప్యూటరు ఆయన పేరుతోనే తెరిచి ఉన్న సంగతి ఆమె చూసుకోలేదు.

"సార్, మీకు ముందే తెలిసిపోయింది కదా?" అంది.

"తెరిచి వదిలేసి వెళ్లింది నేనే కదమ్మా."

ఆయన తన లాగిన్ మూసేసి, కీబోర్డు ఆమె వైపు జరిపారు.

"ఆదివారం బ్యాకప్‌లో ఆ రికార్డు పాత నంబరుతో ఉంటుంది. తెచ్చి పెట్టు. ఈసారి నీ పేరుతో."

సుమేధ తన పేరు కొట్టింది. రికార్డు తిరిగొచ్చింది. ఆర్డరు కిక్కురుమనకుండా తెరుచుకుంది.

ఆమె లేచి మేనేజరు గదిలోకి వెళ్లింది. అతను ఉత్తరం టైపు చేస్తున్నాడు.

"సార్, అందులో పేరు మార్చాలి" అంది.