ఎండుచేపల కొలువు

కుమ్మరి వీధిలో కుండలు కాల్చే ఆవం కాపలా కాసే కుక్క గంగులుకి రోజుకో సంగటి ముద్ద జీతం. ముద్ద చిన్నది, దాని మీద గంగులు ఫిర్యాదు పెద్దది. వీధిలో కోళ్లకు కూడా ఆ ఫిర్యాదు కంఠతా వచ్చు.

ఒకరోజు పొద్దున్నే నక్క వచ్చింది. దానికంటూ ఒక పని లేదు. ఇతరులకు పనులు చూపించడమే దాని పని.

“బావా, సముద్రపొడ్డున ఎండుచేపల కళ్లంలో కాపలా. రోజుకి పది చేపలు!”

“పది చేపలా!” దూరపు కొండలు నునుపంటారు. గంగులుకి దూరపు చేపలు కూడా నున్నగానే కనిపించాయి.

“అందులో సగం నాకు. పని చూపించిన పుణ్యానికి.”

గంగులు పెళ్లాం ముత్యాలు పిల్లలకు పాలిస్తూ తలెత్తింది. “అక్కడ నీళ్లెక్కడ తాగాలి, అన్నా? నీడ ఎవరిది?”

“చేపల మాట చెబుతుంటే నీళ్లంటావేంటి చెల్లెమ్మా! ఆడవాళ్లతో ఇదే తంటా.”

“సరేలే. సగమెందుకు? సాయంత్రానికి మిగిలిందంతా నువ్వే తీసుకో. కాకపోతే వెంట వెళ్లి నువ్వే తెచ్చుకో,” అంది ముత్యాలు.

నక్క సంతోషం పట్టలేక తన తోక తానే తొక్కుకుంది.

ముత్యాలు మొగుణ్ణి పక్కకి పిలిచింది. “నువ్వు చేప నోట పెట్టకు. చీకటి పడేలోగా రాకపోతే పక్క వీధి కుక్క నీ చోట్లో పడుకుంటుంది. దాన్ని లేపే ఓపిక నాకు లేదు.”

కళ్లం యజమాని పిల్లి. గంగులు పనిలో చేరగానే పది చేపలూ తట్టలో పెట్టి ఇచ్చింది. “మిగిలేవి ఎటూ నావే కదా” అని నక్క అక్కడికక్కడే రెండు మింగేసింది.

మిట్టమధ్యాహ్నానికి గంగులు నాలుక పిడచకట్టుకుపోయింది.

“అత్తా, కాసిన్ని నీళ్లు,” అని పిల్లిని అడిగాడు.

“తాగు నాయనా. నాలుగు చేపలు.”

“నీళ్లకా!”

“ఎదురుగా సముద్రముందిగా. అది ఉచితమే, తాగు.”

పడవ నీడన కూర్చున్నందుకు రెండు. మళ్లీ ఒక్క గుక్కకి ఇంకో రెండు. కుడి పంజాతో ఇచ్చినవి పిల్లి ఎడమ పంజాతో పుచ్చుకుంది, అదీ ఎంతో మర్యాదగా. “ఖరీదైన చోటు నాయనా. అందుకే జీతం అంత ఇస్తున్నా.”

గంగులు ఖాళీ తట్ట నక్క ముందు పెట్టాడు. “మిగిలింది తీసుకో బావా. నేను మానేశాను.”

నక్క తట్ట తిరగేసి చూసింది. మింగిన ఎండుచేపలు లోపల ఊరికే ఉంటాయా? “అత్తా, నీళ్లు!”

“చేపలేవి?”

“లేవు.”

“ఫరవాలేదు. ఇప్పుడే ఒక కొలువు ఖాళీ అయింది.”

గంగులు పొద్దుగూకేలోగా ఇల్లు చేరి, సంగటి తిని, కాలవలో కడుపునిండా తాగాడు. తాగిన నీళ్లకి ఎవరూ ఏమీ అడక్కపోయేసరికి కాసేపు అటూ ఇటూ చూశాడు.

నక్క ఇంకా అక్కడే ఉంది. తాగందే నడవలేదు, పని చేయందే తాగలేదు. అటు వెళ్లిన కాకులతో మాత్రం కబురు పంపుతోంది: “జీతం పది చేపలని మావాళ్లకు చెప్పండి.” కాకులు చెప్పాయి. ఇంటివాళ్లు నక్కకి పెద్దింటి సంబంధాలు చూస్తున్నారు.

నీతి: చేతిలో పెట్టింది కాదు, గొంతు తడిశాక మిగిలిందే జీతం.