మడ ఆకుకి పట్టిన చెమట

దోసిట పట్టి తాగేంత తియ్యగా ఉండేవి ఒకప్పుడు ఆ ఏటి నీళ్ళు. సముద్రం తన చోట తనుండేది. ఏరు తన దారిన తను వచ్చి అందులో కలిసేది. గట్టు మీద రెల్లు, ఈత, వెదురు ఉండేవి. వాటి మధ్య గుబురుగా ఒక మడ పొద. అప్పట్లో చెట్లకి నడక వచ్చు. చోటు నచ్చకపోతే వేళ్ళు పీక్కుని ఇంకో చోటికి పోయేవి.

మడ పక్కనే నూకాలు గుడిసె. ఏటి బురదలో గుల్లలు ఏరి అమ్ముకునే మనిషి. పని అయ్యాక వచ్చి మడ నీడన కాళ్ళు చాపుకుని కూర్చునేది. మడ ఆవిణ్ణి అత్తా అనేది, ఆవిడ మడని కోడలా అనేది.

ఒకనాడు సముద్రపు పోటుకి ఊళ్ళు చూడాలని బుద్ధి పుట్టింది. నురగలు కక్కుకుంటూ ఏటికి ఎదురెక్కి వచ్చేసింది. గట్టుని ఒకసారి నాకి చూసింది. మెత్తగా ఉంది. ఇంకోసారి నాకింది.

"బాగుందే! ఈ గట్టు ఇక నాది. తినేస్తా," అంది.

రెల్లు గడగడా వణికింది. "పదండర్రా, పైకి పోదాం!"

వెదురూ ఈతా అప్పటికే వేళ్ళు దులుపుకుంటున్నాయి. మడ మాత్రం కదల్లేదు.

"నువ్వు రావే?" అంది ఈత.

"అందరం పోతే గట్టుని పట్టుకునేదెవరు? గట్టు కరిగితే మా అత్త గుడిసె ఏమవుతుంది?"

వెదురు పకపకా నవ్వింది. "నా నడుం దాకా లేవు, గట్టుని పట్టుకుంటావా?"

"పట్టుకునేది వేళ్ళతో కదా, పొడుగుతో కాదుగా!"

పోటుకి ఈ మాట తమాషాగా అనిపించింది. "ఒసేయ్ పిల్లా, నా ఉప్పునీళ్ళు తాగి బతికిన మొక్క లేదు. పున్నమి దాకా చూస్తా. ఆనాటికి నీ ఒంటి మీద పచ్చటి ఆకులుంటే గట్టు జోలికి రాను. ఎండిపోయావో, గట్టూ నాదే, గుడిసే నాదే."

"సరే," అంది మడ. రెల్లూ ఈతా వెదురూ పైకి నడిచిపోయాయి. అయినా మడ మాట వెనక్కి తీసుకోలేదు.

మొదట నోరు బిగించుకుని కూర్చుంది. ఉప్పునీళ్ళు తాగకపోతే సరి అనుకుంది. దాహంతో కొమ్మలు వేలాడిపోయాయి. ఇక లాభం లేదని గటగటా తాగేసింది. ఉప్పంతా ఒంట్లోనే దాచుకుంది. ఆకులు పసుపెక్కి రాలడం మొదలెట్టాయి. పైగా బురదలో వేళ్ళకి ఊపిరాడటం లేదు.

నూకాలు బుట్ట దించి చూసింది. "ఏంటే కోడలా, ఇలా అయిపోయావు? నువ్వూ పోవే ఆళ్ళతో. నా గుడిసె సంగతి నేను చూసుకుంటాలే."

"నేను పోను," అంది మడ.

"మొండిఘటం!" అని విసుక్కుంటూ నూకాలు అటు తిరిగింది. ఆవిడ రవిక వీపు మీద తెల్లటి చారలు కనిపించాయి.

"అత్తా, అదేంటి నీ వీపు మీద?"

"ఉప్పే. చెమట ఎండి తేలింది. ఒంట్లో ఉప్పు ఒంట్లోనే ఉండిపోతే మనిషి బతుకుతాడా?"

మడ తన ఆకుల వంక చూసుకుంది. "మరి నీళ్ళు గెడ్డం దాకా వచ్చినప్పుడు ఊపిరి ఎలా పీలుస్తావు?"

"ముక్కు పైకెత్తుకుంటా. ఇదీ ఒక ప్రశ్నేనా?" అని నవ్వి, గుల్లలు ఉడకెయ్యడానికి వెళ్ళిపోయింది.

మడ పని మొదలెట్టింది. నీళ్ళు తాగడం, లోపలి ఉప్పుని బలమంతా పెట్టి ఆకుల్లోకి తోయడం. ఎంత తోసినా రాలేదు. మళ్ళీ తోసింది. చివరికి ఒక ఆకు మీద ఆవగింజంత చెమటబొట్టు పుట్టింది. ఎండకి ఆరి తెల్లగా మెరిసింది. రోజులు గడిచేకొద్దీ ఒక్కో ఆకుకీ చెమట పట్టింది, రాలినచోట పచ్చటి చిగుళ్ళు వచ్చాయి.

తర్వాత వేళ్ళని బురదలోంచి పైకి పొడిచింది. అటుగా పోతున్న పీత ఆగిపోయింది.

"వేళ్ళు కిందకి పోవాలే పిచ్చిదానా! తలకిందులుగా పెరుగుతున్నావేంటి?"

"నాకు గాలి కావాలి. అడ్డమైతే పక్కకి నడువు. నీకు వచ్చిందే ఆ నడక!"

పున్నమి వచ్చింది. పోటు ఏరంత వెడల్పున, ఎగిరెగిరి వచ్చి మడ మీద పడింది. కొమ్మలు మునిగాయి, ఆకులు మునిగాయి. నూకాలు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నీటి కింద మడ వేళ్ళు మాత్రం గట్టుని గుప్పిట పట్టినట్టు పట్టుకున్నాయి. లాగింది పోటు. ఊడలేదు. ఇంకా లాగింది. ఊహూఁ.

అలిసిపోయి వెనక్కి తగ్గింది. మడ ఒంటి మీది నీళ్ళు ఎండకి ఆరాక చూస్తే ఆకులన్నీ పచ్చగానే ఉన్నాయి. వాటి మీద తెల్లటి రవ్వలు. పోటు ఒక ఆకుని నాకింది.

"ఇది నా ఉప్పు కదే!"

"నీదే. పట్టుకుపో. నాకు నీళ్ళు చాలు," అంది మడ.

"రేపు మళ్ళీ వస్తా, చూస్తా," అని పోటు గొణిగింది.

"రా," అంది మడ.

అప్పటినుంచే మడ ఆకు నాకితే ఉప్పగా ఉంటుంది, దాని వేళ్ళు బురదలోంచి ముక్కులెత్తి ఊపిరి పీలుస్తుంటాయి. పోటు ఈనాటికీ రోజుకి రెండుసార్లు వచ్చి, ఆ ఆకులు పచ్చగానే ఉన్నాయని చూసి, గట్టు వదిలేసి వెళ్ళిపోతుంది.