ఎండిన చెయ్యి

మందాకిని టీచరుకి ఆ బడిలో ఒక్క పిల్లే కొరుకుడు పడలేదు. పేరు పైడితల్లి. మూడో తరగతి.

బడికి ట్యాబులొచ్చి ఏడాది కావస్తోంది. ఎవరి ట్యాబు వాళ్ళది, ఎవరి పాఠం వాళ్ళది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే లోపలి గొంతు పిల్లని పేరు పెట్టి పిలుస్తుంది. చురుకైనవాళ్ళని ముందుకు నడిపిస్తుంది. మెల్లిగా వచ్చేవాళ్ళకి మెల్లిగా చెబుతుంది. పాఠం పూర్తయితే తెర మీద చిలక ఎగురుతుంది. కాసేపు వేలు కదలకపోతే మాత్రం, పాపం అర్థం కాలేదు కాబోలని మళ్ళీ మొదటికి తీసుకుపోతుంది. ఎవరు ఎక్కడున్నారో మందాకిని ఫోనులో చుక్కలుగా కనబడుతుంది. ఆకుపచ్చ చుక్కంటే పిల్ల సాగుతున్నట్టు. ఎర్రదంటే ఆగిపోయినట్టు.

తరగతంతా ఆకుపచ్చ. పైడితల్లి ఒక్కతే ఎరుపు. దాని పక్కన కూర్చునే ఎర్నమ్మ, పెన్సిలు పట్టడానికే తెల్లారిపోయే పిల్ల, అదీ నత్తలా పాకి పాకి పచ్చబడింది.

మందాకిని పైడితల్లిని పిలిచి అడిగింది. బుజ్జగించి అడిగింది. గదిమి అడిగింది. ఆ పిల్ల ఎర్నమ్మ వైపు చూసేదే తప్ప నోరు విప్పేది కాదు. చూపు కూడా నిలవదు దీనికి, అనుకుంది.

పట్నంలో ఇలాంటి పిల్లల కోసం హాస్టలుతో సహా ఓ బడి ఉందని, అక్కడికి పంపితేనే మేలని, చివరికి పిల్ల నాన్నమ్మతో చెప్పింది. తల్లి లేదు. తండ్రి చెన్నైలో మేస్త్రీల దగ్గర పని. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే.  టీచరు చెప్పాక ఇంకేముందమ్మా, అంది ముసలమ్మ. సోమవారం బస్సెక్కించడానికి పిల్ల బట్టలు అప్పుడే మూట కట్టేసిందని వీధిలో వాళ్ళు చెప్పారు.

ఆ మూట మాట విన్న దగ్గర్నుంచి మందాకినికి అన్నం సయించలేదు. తన కొడుకునీ అలాగే హాస్టల్లో వేసింది. వాడి మంచికే. పోయినేడు మధ్యలో వెళ్ళి తీసుకొచ్చుకుంది. అక్కడేం జరిగిందో వాడు చెప్పలేదు. ఆవిడ అడగలేదు. ఇప్పుడు వాడు కంచం గదిలోకి పట్టుకుపోయి తలుపు వేసుకుంటాడు.

శుక్రవారం పొద్దున్నే అచ్యుతం మాస్టారింటికి వెళ్ళింది. ఆ బడిలోనే తనకి అక్షరాలు దిద్దబెట్టినాయన. తను టీచరయ్యాక కూడా, ఏ పిల్ల దగ్గర చిక్కొచ్చినా వచ్చి ఆయన అరుగు మీదే కూర్చునేది. ట్యాబులొచ్చాక ఆ అవసరం కలగలేదు. ఎందుకు రావడం లేదని ఆయనా కబురు పెట్టలేదు.

ఫోను చూపించి సంగతంతా చెప్పింది. ఏ పిల్లకి ఏది రాదో ఇది వేలు పెట్టి చూపిస్తుందంది. ఇన్నేళ్ళలో తను పట్టుకోలేనివి ఏడాదిలో పట్టుకుందంది. ఆ మాటల్లో కాస్త గర్వం కూడా ఉంది.

"ఈ ఒక్కదాన్నే ఇది కూడా కదపలేకపోయింది మాస్టారూ. మీరూ ఓ మాట చెబితే ముసలమ్మకి ధైర్యంగా ఉంటుంది."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఎర్రచుక్కని చూశారు.

"ఈ పిల్ల అన్నం ఎలా తింటుందమ్మా?"

మందాకినికి తెలియదు. ట్యాబులొచ్చినప్పటి నుంచి ఆవిడ తన డబ్బా ఆఫీసు గదిలోనే తెరుచుకుంటోంది, చుక్కలు చూసుకుంటూ.

"మధ్యాహ్నం వస్తాను. నాకూ ఓ పిడికెడు పెట్టించు," అన్నారాయన.

వరండాలో పిల్లలు బారు తీరి కూర్చున్నారు. మాస్టారు మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా పైడితల్లి, ఎర్నమ్మ ఉన్న చివర చతికిలబడ్డారు. ఆయన కింద కూర్చుంటే తను కుర్చీలో ఎలా కూర్చుంటుంది? మందాకినీ కూర్చుంది. ఆయా అన్నం, ఆకుకూర పప్పు, గుడ్డు వడ్డించింది.

ఎదురు బారులో ఓ పిల్ల, తాతా నీకు పళ్ళు లేవు కదా, ఆ గుడ్డు నాకిచ్చీ, అంది. పళ్ళు లేనోడికే గుడ్డు, నువ్వు చెరుకు గడ నమలగలవు, అన్నారు మాస్టారు. వరండా అంతా గొల్లుమంది. ఆ నవ్వుకి మందాకిని ఉలిక్కిపడింది. తన తరగతిలో ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

నాలుగు ముద్దలు తినేసరికి ఫోను మోగింది. లేచి చెయ్యి కడుక్కుని, పక్కకెళ్ళి మాట్లాడి వచ్చింది. అప్పటికి పిల్లలు ఒక్కొక్కరే కంచాలు కడుక్కుని ఆటల్లో పడ్డారు. వరండాలో ముగ్గురే మిగిలారు. ఎర్నమ్మ మెతుకు మెతుకూ ఏరుకుంటూ తింటోంది. పక్కన పైడితల్లి కంచం అద్దంలా ఉంది. ఎప్పుడు తినేసిందో ఏమో, వేళ్ళ మీద పప్పు ఎండి పెచ్చు కట్టింది. మాస్టారి కంచమూ ఖాళీయే. ఆయన చెయ్యీ ఎండిపోయింది.

"చెయ్యి కడుక్కోండి మాస్టారూ. నీళ్ళు తెస్తాను."

"పంక్తి ఇంకా లేవలేదమ్మా," అన్నారాయన.

మందాకిని తడి చెయ్యి కొంగుకి తుడుచుకోబోయి ఆగిపోయింది. నీదయిపోయింది కదే, లేవవేం, అని పైడితల్లిని అడిగింది. ఏడాదిగా నోరు విప్పని పిల్ల, ఇదీ అడగాల్సిన మాటేనా అన్నట్టు చూసింది.

"ఎర్నమ్మది అవలేదు కదా టీచరు. పక్కదాన్ని ఒగ్గీసి లెగిసిపోతే నాన్నమ్మ తిడతాది."

ఎర్నమ్మ ఆఖరి ముద్ద మింగింది.

"లేద్దామా తల్లీ?" మాస్టారు పైడితల్లిని అడిగారు.

అది తలూపింది. ముగ్గురూ లేచారు. మాస్టారు చెయ్యి కడుక్కుని, చెప్పులు తొడుక్కుని, ముసలమ్మ ఊసెత్తకుండానే వెళ్ళిపోయారు.

మందాకిని తరగతి గదిలోకి వచ్చింది. ఏడాదిగా చుక్క రంగు చూసిందే గాని, దాని వెనక ఏముందో తెరిచి చూడలేదు. పైడితల్లి ట్యాబు తెరిచింది.

లెక్కలు. అన్నీ ఒప్పు. ఆఖరి లెక్క ఖాళీ. తెలుగు. అన్నీ ఒప్పు. ఆఖరి మాట ఖాళీ. ఏ రోజుది తీసినా అంతే. ఒక్క వేలు ఆనిస్తే చిలక ఎగిరేది. ఆ వేలు ఆనించకుండా పిల్ల పక్కకి చూస్తూ కూర్చుంది. చెవిలో గొంతు దాన్ని మళ్ళీ మొదటికి తీసుకుపోయింది. అది మళ్ళీ ఆఖరి దాకా వచ్చింది. మళ్ళీ కూర్చుంది.

ఆ వేళకి పక్కన ఎర్నమ్మ చిలక ఇంకా ఎగరలేదు.

బడి వదిలాక మందాకిని ముసలమ్మ ఇంటికి వెళ్ళింది. మూట గుమ్మం పక్కనే ఉంది. తనే కింద కూర్చుని ముడి విప్పింది.  ముసలమ్మ గౌన్లు ఒక్కొక్కటే దులిపి దండెం మీద వేసింది.

మందాకిని ఇంటికొచ్చి అన్నం వండింది. కొడుకు కంచం అందుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆవిడ తన కంచం తెచ్చుకుని ఆ తలుపుకి ఎదురుగా నేల మీద కూర్చుని తింది.

తినడం అయిపోయింది. లోపల కంచం చప్పుడు ఇంకా వినబడుతోంది.

చెయ్యి ఎండుతోంది. ఆవిడ లేవలేదు.