నలభై పట్టుచీరలు

కొమ్మరపూడిలో పట్టుచీరల కొట్టు పెట్టాలని దివాను నరసోజీకి బుద్ధి పుట్టింది. మాఘమాసమంతా ఆ ఊళ్లోనే మకాం వేసి పది పెళ్లిళ్లు చూశాడు. పెళ్లికి నాలుగు చొప్పున నలభై పట్టుచీరలు తేలాయి. చీరల రంగులు చూడటం దివాను హోదాకు తగదు గనక అంకె మాత్రం రాసుకున్నాడు. ఇంత గిరాకీ మరెక్కడా లేదని, చాకిరేవు గట్టు మీద కొట్టుకు ముగ్గు పోయించి, రేవు ఖాళీ చేయమని చాకలి అచ్చెమ్మకు కబురు పెట్టాడు.

అచ్చెమ్మ మూట తెచ్చి ఆయన ముందు విప్పింది. ఎర్రది, పసుపుది, ఆకుపచ్చది, నెమలికంఠం రంగుది.

"పెళ్లిళ్లలో తమరు చూసినవి ఇవేనా, దొరా?"

ప్రతి పందిట్లోనూ ఈ రంగులే కనబడ్డట్టు దివానుకు ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఇవే. మిగతా ముప్పై ఆరూ ఏవి?"

"మిగతావి లేవు. ఇవి కరణంగారింటివి. ఉతికాక, వాళ్ల అనుమతితోనే పెళ్లిళ్లకు అద్దెకిస్తాను. పది పందిళ్లలోనూ ఇవే తిరిగాయి."

దివాను తాను రాసుకున్న అంకె కొట్టేశాడు.

"అయితే ఈ ఊళ్లో పట్టు వ్యాపారం నడవదంటావు."

"నడుస్తోంది దొరా. తమరు ఖాళీ చేయమన్నది దాన్నే."