గంపలవారి కొత్త ఇంటిపేర్లు

చింతలపేటలో తెలివంటే గంపలవారిదే. ఈ మాట గంపలవారే చెబుతారు. ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు.

ఆ ఇంటి పెద్ద సింహాద్రి. కూతురు నీలవేణి పెళ్ళి నాలుగు రోజులుందనగా, వంశచరిత్ర రాయించాలని బుద్ధి పుట్టి, పెళ్ళాం గౌరమ్మతో మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. మాస్టారు ఒక పుస్తకం తెరిచాడు.

"వేల్స్ అని ఒక దేశం. పూర్వం అక్కడ స్థిరమైన ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరే బిడ్డకి ఇంటిపేరులాగా ఉండేది. అందుకని తరానికో పేరు మారేది."

"గంపలవారు అనిపించుకునే కంటే అదే మేలు కదేటే!" అని సింహాద్రి లేచాడు.

"ఆగండయ్యా! పేరు ఒకటైనంత మాత్రాన చుట్టాలు కారు, వేరైనంత మాత్రాన పరాయివాళ్ళూ కారు!" అని మాస్టారు అరుగు మీంచి అరిచేసరికి ఇద్దరూ వీధి దాటేశారు. సగం వింటే చాలు, వాళ్ళకి మొత్తం అర్థమైపోతుంది.

అంతే. సింహాద్రి తండ్రి రాములు కనక ఆయన ఇంటిపేరు రాములు. నీలవేణి ఇంటిపేరు సింహాద్రి. తండ్రికో పేరు, కూతురికో పేరు! ఇంకేముంది, పరాయి ఇంటి పిల్ల. గౌరమ్మ ఆ పిల్లకి కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళిచ్చి, పీట వేసి, "ఏ ఊరమ్మా మీది?" అంది.

"ఈ ఊరేనండి. నాలుగు రోజుల్లో నా పెళ్ళి, తప్పకుండా రావాల," అంది నీలవేణి.

పెళ్ళనగానే సింహాద్రి గుండె జారిపోయింది. పెళ్ళికొడుకు గవర్రాజు తండ్రి పేరు కూడా సింహాద్రే!

"అయితే వాడి ఇంటిపేరూ సింహాద్రే! ఒకే ఇంటిపేరు, అన్నాచెల్లెళ్ళు! పెళ్ళెలా చేస్తామే?"

నీలవేణి బావురుమంది. గవర్రాజంటే దానికి ప్రాణం. తెలివి మాట ఎలా ఉన్నా, ఆ ఏడుపు వింటే ఎవరికైనా జాలేస్తుంది.

"ఏడవకమ్మీ, నా పేరు మార్చుకుంటాను. నీ ఇంటిపేరు మారిపోద్ది."

పేరు పెట్టాలంటే బారసాల చెయ్యాలి. బారసాలంటే ఉయ్యాల ఉండాలి. అంతే, నులకమంచాన్ని దూలానికి వేలాడగట్టి సింహాద్రిని పడుకోబెట్టారు. బుగ్గన కాటుక చుక్క పెడితే మీసానికి అంటుకుంది. పేరంటాళ్ళు పాట పాడారు. అప్పన్న అని పేరు పెట్టారు.

సంగతి తెలిసి పెళ్ళికొడుకు తండ్రి వచ్చాడు. ఆయన వీళ్ళకంటే తెలివైనవాడు.

"ఇంటిపేర్లు వేరయ్యాయి, బాగుంది బావగారూ. కానీ ఇవాళ బారసాలైన పసివాడికి పెళ్ళీడు కూతురేటి? నలుగురూ నవ్వరా? ముందు మీరు పెరగాల, మీ పెళ్ళి కావాల. ఆ తరవాతే మా గవర్రాజుది."

"అదీ నిజమే," అన్నాడు అప్పన్న ఉయ్యాలలోంచి.

గౌరమ్మ ఉగ్గు కలపడానికి లోపలికి వెళ్ళింది. నీలవేణి కళ్ళు తుడుచుకుని ఉయ్యాల తాడు పట్టుకుంది. ముహూర్తానికి ఇంకా నాలుగు రోజులుంది.

"బేగి పెరుగు నాన్నా," అంటూ గబగబా ఊపసాగింది.