అరిగిన కొలత

బ్లేడు తెగిపోయింది. తెంపింది వకుళ.

టేకు దిమ్మ అంచు నుంచి అట్టముక్కంత పల్చటి పేడు తీస్తోంది. ఆ పేడు తెగి, మిషను బల్లకున్న కంతలోంచి కిందికి జారి, కింద తిరుగుతున్న చక్రానికీ బ్లేడుకీ మధ్య ఇరుక్కుంది. షెడ్డు అదిరేలా ఒక్క చప్పుడు. ఆవిడ స్విచ్చి కట్టేసేసరికి బ్లేడు చుట్టలు చుట్టుకుని పడి ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బల్లలో ఉండే అల్యూమినియం బిళ్ళ మాత్రం వంగిపోయింది.

బ్యాండ్‌సా సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. రంపపు పట్టీ పైన ఒకటి, కింద ఒకటి ఉన్న రెండు చక్రాల మీద తిరుగుతుంది. మధ్యలో బల్ల. ఆ బల్లలోంచి రంపం కిందికి దిగేచోట అరచేతిలో పట్టేంత గుండ్రటి బిళ్ళ కూర్చుంటుంది. రంపం దిగడానికి దానికో కంత. కోస్తున్న చెక్కకి అంచుదాకా ఆసరా ఇవ్వడమే ఆ బిళ్ళ పని.

పెడనలో కలంకారీ అద్దకాలకి చెక్క అచ్చులు చేసే షెడ్డు అది. మీరావలి ఉస్తాద్‌ది. డెబ్బై దాటినా ఉలి పట్టుకుంటే చెయ్యి వణకదు. ఆయన దగ్గర వకుళ ఐదేళ్ళుగా పని నేర్చుకుంటోంది. అంతకు ముందు పన్నెండేళ్ళు ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో చేసింది. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టుకుని వెనక్కి పంపడం అక్కడ ఆవిడ ఉద్యోగం. ముప్పై ఎనిమిదో ఏట అది మానేసి, వెర్నియర్ స్కేలు సంచీలో వేసుకుని ఇక్కడికొచ్చింది.

ఈ పనిలో ఒక పద్ధతుంది. అచ్చు పక్క భాగాన, గోరంత మేర, చేసినవాళ్ళ గుర్తు చెక్కుతారు. ఊళ్ళో అద్దకం చేసేవాళ్ళు అచ్చు చేతిలోకి తీసుకోగానే ముందు పక్కకి తిప్పి ఆ గుర్తే చూస్తారు. గురువు సరేననేదాకా శిష్యులు చేసిన అచ్చులన్నీ గురువు గుర్తుతోనే బయటికి వెళ్తాయి. మీరావలి గుర్తు నెలవంక. ఐదేళ్ళుగా వకుళ చెక్కిన ప్రతి అచ్చు మీదా నెలవంకే.

ఆ చలికాలం ఒక పాత అద్దకం ఇంటివాళ్ళు తాతల నాటి తీగ అచ్చులు నాలుగు తెచ్చారు. పగుళ్ళు వచ్చి వాడకానికి పనికిరాకుండా పోయాయి, అవే మళ్ళీ కావాలన్నారు. ఉస్తాద్ వాటిని వకుళ ముందు పెట్టి, ఈ నాలుగూ నీవేనమ్మా, పూర్తయ్యాక నీ గుర్తు వేసుకో అన్నాడు. ఆవిడ ఆ సాయంత్రమే కాగితం మీద, తన పేరుకి తగ్గట్టు, చిన్న పొగడపువ్వు గీసి దాచుకుంది.

రెండు అచ్చులు అయిపోయాయి. పాత అచ్చుకి రంగు పూసి, కాగితం మీద ఒత్తి, ఆ కాగితాన్ని కొత్త చెక్కకి అంటించి, గీత గీతనీ ఉలితో తొలిచింది. రెండు నెలల పని. కిందటి వారం ఉస్తాద్ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని, బొటనవేలితో తడిమి, "అచ్చంగా దించావమ్మా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. అంతే చాలనుకుని వకుళ పొంగిపోయింది. మిగతా రెంటికీ చెక్క కోసుకుంటుండగా ఇదిగో, బ్లేడు తెగింది.

తెంపినవాళ్ళే బాగుచెయ్యాలి, అప్పటిదాకా ఉలి ముట్టుకోకూడదు. అది షెడ్డులో కట్టుబాటు.

కొత్త బ్లేడు అటక మీద ఉంది. బిళ్ళే లేదు. ఎప్పుడో మూతపడిన ఒక కలప డిపోలో కొన్న మిషను అది. దాని సామాను ఇప్పుడు ఎక్కడా దొరకదు. వకుళ కంగారుపడలేదు. ఇది తనకి బాగా తెలిసిన పని. వంగిన బిళ్ళని సుత్తితో సాపు చేసి, వెర్నియర్ పెట్టి అంగుళం అంగుళం కొలిచింది. గళ్ళ కాగితం మీద బొమ్మ వేసుకుంది. అల్యూమినియం రేకు తెప్పించి, కోసి, రెండు రోజులు ఆకురాయితో అరగదీస్తూ కూర్చుంది.

చెక్కలు చిత్రిక పట్టే నాంచారయ్య తన బల్ల దగ్గర్నుంచే అదంతా చూస్తున్నాడు. అరవై ఏళ్ళవాడు. పని చెయ్యి చేస్తుంటే నోరు ఖాళీగా ఉండదు.

"ఏమ్మా, ముక్కుపుడకకి ఇన్ని రోజులా? మా ఇంటిదానికి కంసాలి పూటలో చేసిచ్చాడు."

"పిన్నిని రమ్మను బాబాయ్. ఇదే పెట్టి పంపిస్తా" అంది వకుళ తలెత్తకుండా.

మూడో రోజు పొద్దున బిళ్ళ గాడిలో కూర్చుంది. వేలితో రాస్తే అతుకు తెలియలేదు. వకుళ కొత్త బ్లేడు ఎక్కించి, బిగువు చూసి, ఉస్తాద్‌ని పిలిచింది.

ఆయన వచ్చి వంగి చూశాడు. గోటితో బిళ్ళ చుట్టూ గీశాడు, ఎక్కడా తట్టుకోలేదు. బావుందని తలూపాడు. వకుళ గర్వం దాచుకోలేదు. కొలతలన్నీ పాత బిళ్ళవేననీ, కంతతో సహా దేంట్లోనూ పావు మిల్లీమీటరు తేడా రానివ్వలేదనీ చెప్పింది.

ఉస్తాద్ నేల మీద పడున్న ఒక పల్చటి పేడు తీసి కంత మీద నిలబెట్టి వదిలేశాడు. అది గుటుక్కున కిందికి పోయింది. కింద పెట్టెలో పడిన చప్పుడు ముగ్గురికీ వినపడింది.

"అచ్చంగా దించావమ్మా" అన్నాడు.

వకుళ ముఖంలో నవ్వు పోయింది. పాతదాని కంత అంతే ఉందని మెల్లిగా అంది.

"కొన్నప్పుడు అంత లేదు. ఇరవై ఏళ్ళుగా బ్లేడు ఒరుసుకుని ఒరుసుకుని వేలు పట్టేంత అయింది."

నాంచారయ్య చిత్రిక ఆపాడు. ఉస్తాద్ కొత్త బిళ్ళని పైకి తీసి, జాగ్రత్తగా బల్ల అంచున పెట్టాడు. పాత బిళ్ళ వంక చూడనైనా లేదు. ఖాళీ అయిన గాడి మీద కాగితం పరిచి, బొగ్గు ముక్కతో పైన రుద్దాడు. గాడి అంచు నల్లటి వలయంలా కాగితం మీదికొచ్చింది. దాన్ని పనికిరాని టేకు పలక మీద అంటించి, చేతిరంపంతో గుండ్రంగా కోశాడు. ఉప్పుకాగితం మీద అంచు తిప్పాడు. గాడిలో పెట్టి చూడటం, తీయడం, రెండుసార్లు రుద్దడం, మళ్ళీ పెట్టడం. గోరు తట్టుకోని మందానికి తెచ్చేసరికి టీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

"కంత పెట్టడం మర్చిపోయారు సాయిబుగారూ" అన్నాడు నాంచారయ్య.

ఉస్తాద్ స్విచ్చి వేశాడు. ఆ చెక్క బిళ్ళని బల్ల మీద పెట్టి, పుల్లతో వెనక నుంచి నెమ్మదిగా బ్లేడు మీదికి తోశాడు. బ్లేడు దాని అంచు పట్టుకుంది. సన్నటి పొట్టు రాలుతుండగా అది బిళ్ళ లోపలికి చీల్చుకుంటూ వచ్చింది. నడిమికి చేరగానే ఆయన స్విచ్చి కట్టేశాడు. చక్రాలు ఆగాక రెండు వేళ్ళతో నొక్కాడు. బిళ్ళ తన గాడిలోకి దిగి కూర్చుంది. దానిలో ఉన్న కంత బ్లేడు మందమే ఉంది, ఒక పోచ ఎక్కువ లేదు.

మరో పేడు తీసి నిలబెట్టి చూశాడు. అంచు కూడా దూరలేదు.

"ఎంత దారి కావాలో రంపాన్ని అడగాలి" అన్నాడు. "పాత బిళ్ళకి ఏం తెలుసమ్మా, తను తిన్న దెబ్బలు తప్ప."

మధ్యాహ్నం నమాజు వేళయింది. ఆయన చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

వకుళ ఆ సన్నటి కంతని వేలితో తడిమింది. తర్వాత అలమర దగ్గరికి వెళ్ళి తను చెక్కిన రెండు అచ్చుల్లో ఒకటీ, దాని పాత అచ్చూ తీసుకుని వాకిట్లో వెలుతురులోకి తెచ్చుకుంది. తీగకి ఎనిమిది ఆకులు. ఏడింటికి మొనలున్నాయి. ఎనిమిదో ఆకు మొన మొండిగా ఉంది. పాత అచ్చులో ఆ మొన ఎప్పుడో విరిగిపోయింది. వకుళ ఆ విరుపుని కూడా ఎంతో శ్రద్ధగా, ఉలి మార్చి మార్చి, ఉన్నదున్నట్టు చెక్కింది.

గీతలు చూసింది. అచ్చులో గీత పైన సన్నగా, అడుగున వెడల్పుగా ఉంటుంది, అలా చెక్కితేనే నిలుస్తుంది. వాడగా వాడగా పైభాగం అరిగి గీత లావెక్కుతుంది. ఆ సంగతి తనకి మొదటి నెలలోనే చెప్పారు. పాత అచ్చు మూలన, చేతి ఒత్తిడి అంతగా పడనిచోట, ఒక కొస సన్నగా మిగిలే ఉంది. మిగతా తీగంతా దానికి రెట్టింపు లావు. తను చెక్కినదీ రెట్టింపు లావే.

నాంచారయ్య వచ్చి ఆవిడ భుజం మీదుగా చూశాడు. చూడగానే అర్థమైంది ఆయనకి, ముప్పై ఏళ్ళుగా అచ్చుల మధ్యే బతికినవాడు. అయినా గొంతు తగ్గించి, పోనీలే అన్నాడు. వాళ్ళడిగింది పాతదాని లాంటిదే కదా, ఇచ్చెయ్, పైగా ఈ రెండూ నెలాఖరుకి ఇవ్వకపోతే వేరే షెడ్డుకి తీసుకెళ్తామన్నారు, ఐదేళ్ళు ఆగి ఇప్పుడు గుర్తు పోగొట్టుకుంటావా అని అడిగాడు.

"ఈ మొండి ఆకు పక్కన నా గుర్తు వేసుకోమంటావా బాబాయ్?"

నాంచారయ్య తన బల్ల దగ్గరికి వెళ్ళి మళ్ళీ చిత్రిక అందుకున్నాడు.

వకుళ రెండు అచ్చులూ మిషను దగ్గరికి పట్టుకెళ్ళింది. కొత్త చెక్క బిళ్ళ మీద మొదటి అచ్చుని నిలువుగా పెట్టి, చెక్కిన ముఖం వైపు అర అంగుళం లోతున గీత పెట్టుకుంది. స్విచ్చి వేసింది. నెల రోజుల పని పలకలా ఊడి బల్ల మీదే పడింది. రెండో దాన్నీ అలాగే కోసింది. మిగిలిన దిమ్మలు ఇంకా చేతినిండా మందం ఉన్నాయి, మళ్ళీ చెక్కుకోవడానికి చాలు.

ఉస్తాద్ తిరిగొచ్చి, మిషను ఆగేదాకా గుమ్మంలోనే నుంచున్నాడు. బల్ల మీది పలకలు చూశాడు. ఎన్నాళ్ళు పడుతుందని మాత్రం అడిగాడు. నాలుగూ కలిపి ఐదు నెలలని చెప్పింది వకుళ. వాళ్ళు ఆగకపోతే ఆగకపోయారు, తను మాత్రం ఈ చెక్క మీద ఈ తీగే చెక్కుతానంది. ఆయన టోపీ సర్దుకుని, అద్దకం ఇంటివాళ్ళతో తనే మాట్లాడతానని మళ్ళీ బయల్దేరాడు.

వాళ్ళు సణిగారు. చివరికి ఆగారు.

వకుళ ఈసారి పాత అచ్చుని రంగులో ముంచలేదు. సన్నగా మిగిలిన ఆ ఒక్క కొస కొలిచింది. గుడ్డ మీద ఒక ముద్ర పక్కన ఇంకో ముద్ర పడినప్పుడు తీగ ఎక్కడ కలవాలో గుర్తు పెట్టుకుంది. తర్వాత పదకొండు రోజులు ఉలి తీయకుండా కాగితం మీద అదే తీగ గీస్తూ కూర్చుంది, చెయ్యి తడుముకోకుండా ఎనిమిది ఆకుల మొనలూ తీసేదాకా. నాంచారయ్య ఆ కాగితాలు చూసి, ఫ్యాక్టరీ అమ్మాయి మళ్ళీ బడిపిల్లయిందని వెక్కిరించాడు. ఆవిడ నవ్వి ఇంకో కాగితం తీసుకుంది.

నాలుగు అచ్చులూ పొగడపువ్వుతోనే వెళ్ళాయి.

పాత అచ్చుకి కాగితం ఒత్తి దించడం వకుళ ఆ మధ్యాహ్నంతో మానేసింది. ఆ తర్వాత ఎంత తొందర పని వచ్చినా, ఎంత పెద్దవాళ్ళు తెచ్చినా, పాత అచ్చుని ఒక రోజంతా చూసి, గుడ్డలో చుట్టి పక్కన పెట్టేది. బొమ్మ తనే గీసుకునేది. అంతసేపు ఆగలేమన్నవాళ్ళని, వేరే షెడ్డు ఎక్కడుందో చెప్పి పంపించేది.