బల్ల మీది యుద్ధం

అనగా అనగా, మబ్బులు మేడల మీద దిగి సేదదీరే రోజుల్లో, రత్నగిరిని ఏలే రాజు ఒకాయన ఉండేవాడు. ఆయన తండ్రి నలభై ఏళ్ళ కిందట వెయ్యిమంది సైనికులతో యుద్ధానికి వెళ్ళి, తిరిగి రాలేదు. కంకాళుడనే మాంత్రికుడు వాళ్ళందరినీ వేలెడంత కొయ్యబొమ్మలుగా మార్చి, ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు.

రాజు కొడుకు మణిధరుడు పెద్దవాడయ్యాక, "నాన్నగారూ, తాతగారిని నేను తీసుకొస్తాను" అన్నాడు.

"వెళ్ళినవాళ్ళంతా బొమ్మలైపోయారు నాయనా" అని రాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అయినా మణిధరుడు పడవ ఎక్కాడు.

పాలలాంటి సముద్రం దాటాడు, పొగలాంటి సముద్రం దాటాడు, నిద్రలాంటి సముద్రం దాటాడు. అలా ఏడూ దాటాడు. దారిలో కొట్టుకుపోతున్న ఒక చీమను చేయి చాచి పడవలోకి ఎక్కించుకున్నాడు.

మాంత్రికుడి మేడలో పెద్ద రాతిబల్ల. దాని మీద పిడికెడు కొండలు, జానెడు వెడల్పు ఏరు, రెండు ఒడ్డుల మీదా కొయ్యసేనలు. చెరలో ఉన్న హేమలేఖ అనే రాకుమారి సన్నని కుంచెతో బొమ్మలకు రంగులు వేస్తోంది.

"కంకాళుడి ప్రాణం, ఈ బల్ల మీది వాడి రథం జెండా మీదున్న గోరంత చిలకలో ఉంది. ఆటలో తప్ప దానికి చావు లేదు" అని ఆమె మెల్లగా చెప్పింది.

అంతలో కంకాళుడు వచ్చాడు. "మీ తాత ఓడిన ఆ పాత యుద్ధమే మూడుసార్లు ఆడదాం. ఒక్కసారి గెలిచావా, అందరినీ తీసుకుపో. మూడూ ఓడావా, నువ్వూ బొమ్మవే!"

మొదటి ఆటలో మణిధరుడు ఏనుగులను ఏట్లోకి నడిపాడు. మునిగిపోయాయి. అతని కాళ్ళు మోకాళ్ళదాకా కొయ్యబారాయి. రెండో ఆటలో గుర్రాలను దూకించాడు. అవీ మునిగాయి. నడుందాకా కొయ్యబారాడు.

అప్పుడు చీమ అతని చెవి దగ్గరికి పాకింది. "రాకుమారా, బొమ్మలు గుసగుసలాడుతున్నాయి. విని రానా?"

వెళ్ళింది, వచ్చింది. "డప్పు కొట్టే ఎల్లన్న ఏడుస్తున్నాడు. ఏటి నడుమ ఊబి ఉందట. ఆ రోజూ చెప్పాడట. మీ తాతగారు వినిపించుకోలేదట."

మణిధరుడు సిగ్గుపడ్డాడు. తనూ ఎవరినీ అడగలేదు కదా! బల్ల మీదికి వంగి, "ఎల్లన్నా, ఇవాళ నీ మాటే" అన్నాడు.

మూడో ఆటలో ఒక్క బొమ్మనూ కదపలేదు.

"కదలవేం?" అన్నాడు కంకాళుడు.

"మేము ఇక్కడే నిలబడతాం."

ఎండ కొండల మీది నుంచి ఏటి మీదికి జరిగింది. కుర్రాడు జడిశాడనుకున్నాడు కంకాళుడు. ఓపిక పట్టలేక, గెలుపు మత్తులో ఏటి సంగతే మరిచి, తన రథాన్నే ఏట్లోకి తోలాడు. చక్రాలు ఊబిలో దిగాయి, జెండా ఒరిగింది. చిలక కీచుమని ఒక్క అరుపు అరిచి మునిగిపోయింది. మాంత్రికుడు బూడిదై రాలిపోయాడు.

మణిధరుడి కాళ్ళు కదిలాయి. వెయ్యిమందీ ఒళ్ళు విరుచుకుంటూ మనుషులయ్యారు. తాత మనవణ్ణి హత్తుకుని, "నేను వినలేదురా" అన్నాడు.

మాంత్రికుడి పడవలన్నీ ఎక్కి అందరూ రత్నగిరి రేవు చేరారు. సైనికుల్లో ఒక్కరికీ ఒక్క రోజు వయసు కూడా పెరగలేదు. పాతికేళ్ళ ఎల్లన్న దిగగానే, తల నెరిసిన ఒకావిడ ఎదురొచ్చి, అతని భుజాన డప్పు చూసి, "నాన్నా!" అంది. ఎల్లన్న ఆవిడ ముఖం కాసేపు తడిమి చూశాడు. తరవాత, ఉయ్యాల్లో వదిలి వెళ్ళిన బిడ్డను ఎత్తుకోలేక, ఆవిడ భుజం మీద తల వాల్చాడు.

మణిధరుడికీ హేమలేఖకూ పెళ్ళి జరిగింది. వాళ్ళు నిండు నూరేళ్ళు రత్నగిరిని చల్లగా ఏలారు. పెళ్ళి పందిట్లో ఎల్లన్న డప్పు వాయిస్తుంటే, కూతురు పక్కనే కూర్చుని, కొంగుతో ఆయన చెమట తుడుస్తూనే ఉంది.